చికెన్ మిజుతాకి: ఉప్పు కుండలో కాదు, గిన్నెలో

టోక్యోలోని నిషి కసాయి నుంచి అడిగిన చెల్లెలికి. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో రెండుసార్లు చికెన్ నాబె (బల్ల మీదే కుండలో ఉడికిస్తూ తినే జపాన్ వంట) చేశారు. మొదటిసారి రసం వేడినీళ్లలా ఉంది, ముక్కలు పీచుపీచుగా అయ్యాయి, పైగా నీచు వాసన. రెండోసారి భయపడి అల్లం వెల్లుల్లి పేస్టు, మిరియాల పొడి వేస్తే అది మన చికెన్ సూప్ అయింది. మీకు కావలసింది ఫుకుఓకా వచ్చినప్పుడు అక్కడి హకాతా ప్రాంతంలో మిజుతాకి అనే పేరుతో తిన్న నాబెలోని ఆ తెల్లటి, చిక్కటి రసం. జనవరిలో అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు, వాళ్లకి చేసి పెట్టాలని ఉంది, కానీ టెన్షన్‌గా ఉంది.

నేను ఫుకుఓకాలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నవంబరు నుంచి మార్చి దాకా మా ఇంట్లో వారానికోసారి రాత్రి భోజనం ఇదే. అందుకని కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు మీ మనసు కుదుటపడే మాట. మొదటిసారి మీరు వంట చెడగొట్టలేదు. మీరు చూసిన రెసిపీయే వేరే ఊరిది అయి ఉంటుంది. మిజుతాకి అనే ఒక్క పేరుతో జపాన్‌లో రెండు రకాల వంటలు నడుస్తున్నాయి. ఒసాకా, క్యోటో వైపు ఇళ్లలో కోంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క వేసిన నీళ్లలో పచ్చి చికెన్, కూరలు బల్ల మీదే ఉడికించి, పోంజులో (సోయా సాస్‌లో పుల్లటి నిమ్మజాతి రసం కలిపిన సాస్) ముంచుకుని తింటారు. అక్కడ రసం తేటగానే ఉంటుంది. ఎవరూ దాన్ని గ్లాసులో పోసుకుని తాగరు, రుచి బరువంతా పోంజు మీదే. హకాతా పద్ధతిలో రసమే అసలు వంట. కోడి, కూరలు దాని తర్వాతే. మీరు ఆ వంట చేసి ఈ రుచి కోసం వెతికారు, అంతే.

హకాతా వంట ఎలా పుట్టిందో తెలిస్తే ఎలా చేయాలో కూడా సగం తెలుస్తుంది. నాగసాకికి చెందిన హయాషిదా హేయిజబురో అనే ఆయన చిన్న వయసులో హాంకాంగ్ వెళ్లి, అక్కడ ఒక ఆంగ్లేయుల ఇంట్లో వంట నేర్చుకున్నాడు. వాళ్ల కన్సొమే అనే తేట సూపూ, చైనావాళ్లు కోడిని ఉడికించే తీరూ రెండూ కలిపి 1905లో హకాతాలో సుయిగెట్సు అనే హోటల్ పెట్టాడు. మిజుతాకి అక్కడే మొదలైందని ఈ ఊళ్లో చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే సుయిగెట్సు రసం ఇప్పటికీ తేటగానే ఉంటుంది. తెల్లటి రసానికి పేరు మోసినవి 1910లో మొదలైన షిన్‌మియురా లాంటి హోటళ్లు. అంటే హకాతాలోనే రెండు దారులున్నాయి. రెండింటిలోనూ మారనిది ఒకటే: రసం కాచేటప్పుడు కోడి, నీళ్లు తప్ప రుచి కోసం ఇంకేమీ వేయరు. ఉప్పు కూడా వేయరు. మిజు అంటే నీళ్లు, తాకి అంటే ఉడికించడం. పేరులోనే రెసిపీ ఉంది.

మన చేతికి ఇది చాలా కష్టం. పొయ్యి మీద కోడి ఉందంటే పసుపూ ఉప్పూ వేయకుండా మన చెయ్యి ఆగదు. కానీ ఇక్కడ ఉప్పు ఎవరి గిన్నెలో వాళ్లు వేసుకునేది. కుండలోని రసం గంటన్నర సేపు బల్ల మీద మరుగుతూ ఇగురుతుంది. ముందే ఉప్పు వేస్తే మొదటి గిన్నె సరిగ్గా ఉండి ఆఖరి గిన్నె ఉప్పు కషాయం అవుతుంది. అల్లం వెల్లుల్లి అయితే ఇంకా ఇబ్బంది, కోడి కొవ్వులో ఉండే ఆ సన్నని తీపి వాసన దాని కింద కనిపించకుండా పోతుంది. నేను చెప్పే మిగతా విషయాల్లో ఏది మర్చిపోయినా పర్వాలేదు, ఈ ఒక్కటి మాత్రం పట్టుకోండి.

ఇక తెలుపు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. పాలు పోస్తారేమోనని చాలామంది నన్ను అడిగారు. చుక్క కూడా పోయరు. కోడి ఎముకల్లో, చర్మంలో, కాళ్లలో ఉండే కొలాజెన్ చాలాసేపు వేడి తగిలితే కరిగి జెలటిన్ అవుతుంది. రసం గలగలా పొర్లుతూ మరిగినప్పుడు కొవ్వు చిన్న చిన్న బొట్లుగా విరిగిపోతుంది. ఆ బొట్లు మళ్లీ కలిసిపోయి పైకి తేలకుండా జెలటిన్ పట్టి ఉంచుతుంది. పాలు తెల్లగా ఉండటానికి ఒక కారణమూ ఇదే, కొవ్వు సన్నని బొట్లుగా నీళ్లలో నిలిచి ఉండటం. అందుకే మంట సన్నగా పెడితే ఎన్ని గంటలు కాచినా రసం తేటగా, పైన నూనె తేలుతూ ఉంటుంది. తెల్లగా రావాలంటే మంట పెద్దగా ఉండాలి. హైదరాబాద్‌లో పాయా తిన్నవాళ్లకి తెలుసు, రెండు గుక్కలు తాగాక పెదాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మిజుతాకి రసం కుదిరిందనడానికీ అదే గుర్తు.

మీ ముక్కలు పీచుగా అవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రసం చిక్కబడాలని మీరు అదే ముక్కల్ని గంటసేపు ఉడికించారు, పైగా బోన్‌లెస్ రొమ్ము మాంసం. రసానికి సారం ఇచ్చే కోడి వేరు, మనం తినే కోడి వేరు. ఈ రెంటినీ విడిగా చూడటం మొదలుపెట్టాకే నా వంట దారిలో పడింది.

రసానికి కావలసింది తొరిగారా, అంటే మాంసం తీసేసిన కోడి గూడు. సూపర్‌మార్కెట్లో చికెన్ పెట్టే చోట ఓ మూలన, చాలా చవగ్గా ఉంటుంది. కొన్నిచోట్ల ఫ్రీజర్‌లో చూడాలి. నలుగురికి రెండు గూళ్లు, ఎనిమిది రెక్కలు (తెబాసాకి) తీసుకోండి. కోడి కాళ్లు దొరికితే ఆరో ఎనిమిదో వేయండి. వాటిని ఇక్కడ మొమిజి అంటారు, మేపుల్ ఆకు ఆకారంలో ఉంటాయని. జెలటిన్‌కి వాటిని మించింది లేదు. తినడానికి ఎముకతో సహా కొట్టిన తొడ ముక్కలు, తోలుతో, ఎనిమిది వందల గ్రాముల నుంచి కిలో దాకా. మీ దగ్గర ఇండియన్ షాపుల్లో దొరికే ఫ్రోజెన్ హలాల్ చికెన్ చాలాసార్లు తోలు తీసేసి వస్తుంది. అది తినే ముక్కలకి పనికొస్తుంది గానీ రసానికి సరిపోదు. ఇంట్లో హలాలే కావాలంటే ఆ షాపులోనే రెక్కలు, కాళ్లు విడిగా ఉన్నాయేమో అడగండి.

నీచు వాసన గురించి కొంచెం దగ్గరగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఓడిపోయేది ఇక్కడే. గూడుని వేళ్లతో తెరిచి లోపల చూడండి. వెన్నెముకకి రెండు వైపులా పక్కటెముకల సందుల్లో ముదురు ఎరుపు రంగులో మెత్తటి ముద్దలు అతుక్కుని ఉంటాయి. అవి ఊపిరితిత్తుల ముక్కలు, మూత్రపిండాల ముక్కలు, గడ్డకట్టిన రక్తం. వాసన వాటిదే. పచ్చిగా ఉన్నప్పుడు అవి తేలిగ్గా ఊడిరావు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి గూళ్లు, రెక్కలు, కాళ్లు వేసి ఒక నిమిషం ఉంచి, నీళ్లన్నీ పారబోయండి. తర్వాత వాటిని చన్నీళ్ల గిన్నెలో వేసి బొటనవేలి గోటితో ఆ ఎర్ర ముద్దల్ని ఒక్కొక్కటీ గీకి తీసేయండి. ఇప్పుడు తేలిగ్గా వచ్చేస్తాయి. ఎముక తెల్లగా కనిపించాలి. పది నిమిషాల పని. ఇది చేస్తే అల్లం అవసరమే రాదు. తినే తొడ ముక్కలకీ ఇదే స్నానం, కాకపోతే తోలు తెల్లబడి ముడుచుకోగానే తీసేయండి. పచ్చి చికెన్‌ని నేరుగా కుళాయి కింద కడగొద్దు, ఆ తుంపర్లు సింకు చుట్టూ పడి సూక్ష్మజీవులు వ్యాపిస్తాయి.

కడిగిన ఎముకల్ని పెద్ద గిన్నెలో వేసి మూడు లీటర్ల చన్నీళ్లు పోయండి. గుప్పెడు బియ్యం పల్చటి గుడ్డలో మూట కట్టి అందులో వేస్తే రసానికి కాస్త ఒళ్లు వస్తుంది. కొందరు వేస్తారు, కొందరు వేయరు, నేను వేస్తాను. పెద్ద మంట మీద మరగనివ్వండి. మొదటి పదిహేను నిమిషాలు పైకి వచ్చే తెట్టు గరిటెతో తీస్తూ ఉండండి. ఇక్కడ దాన్ని అకు అంటారు. గోధుమ రంగు నురగని తీసేయండి, పసుపుపచ్చగా తేలే కొవ్వుని మాత్రం వదిలేయండి. శుభ్రం చేయాలన్న తాపత్రయంలో కొవ్వంతా తీసేస్తే తెల్లబడటానికి ఏమీ మిగలదు. తర్వాత మూత కొంచెం ఓరగా పెట్టి, రసం ఎప్పుడూ పొర్లుతూ ఉండేలా మంట పెట్టి రెండున్నర గంటలు కాచండి. నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయాలి. గంట దాటాక పప్పుగుత్తితోనో గరిటెతోనో ఎముకల్ని గట్టిగా నొక్కండి, చిట్లి లోపలి సారం దిగుతుంది. ఆఖరికి లీటరు ముప్పావు, రెండు లీటర్ల మధ్య మిగలాలి. వడకట్టేయండి.

అంత సేపు గ్యాస్ వెలిగించడం కుదరకపోతే ప్రెషర్ కుక్కర్ వాడొచ్చు. కానీ ఒక కిటుకు ఉంది. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీళ్లు పొర్లి మరగవు, కాబట్టి సారమంతా దిగినా రసం తేటగానే ఉంటుంది. మూత తీసి చూసి చాలామంది ఫెయిల్ అయిందనుకుంటారు. నీళ్లు రెండు లీటర్లకి తగ్గించి, కుక్కర్‌లో సగానికి మించకుండా చూసుకుని, ఆవిరి పట్టాక సన్న సెగ మీద నలభై ఐదు నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతట అది పోయాక మూత తీసి, ఎముకలు చిదిపి, పెద్ద మంట మీద ఇరవై నిమిషాలు గలగలా మరిగించండి. మీ కళ్ల ముందే తెల్లబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

వడకట్టిన రసంలో ఇప్పుడు తినే తొడ ముక్కలు వేసి సన్న మంట మీద ముప్ఫై ఐదు, నలభై నిమిషాలు. చాప్‌స్టిక్ గుచ్చితే ఎముక నుంచి కండ జారిపోయేలా ఉండాలి గానీ ఊడిపోకూడదు. ఇక్కడి దాకా ముందురోజే చేసి పెట్టుకోవచ్చు. అత్తయ్యగారు వాళ్లు వచ్చిన రోజు వంటింట్లో నిలబడే పనే ఉండదు.

పోంజు కొనుక్కున్నా తప్పు లేదు. సీసా పోంజు అంటే అందరికీ గుర్తొచ్చే మిజ్‌కాన్ అజిపోన్ పుట్టుకే మిజుతాకితో ముడిపడి ఉంది. ఆ కంపెనీ అధినేత హకాతాలో మిజుతాకి తింటూ దాంతో ఇచ్చిన పోంజు నచ్చి, ఇది ఇళ్లలోకి రావాలని పట్టుబట్టి చేయించాడు. 1964లో అమ్మకానికి వచ్చింది. కానీ చేసుకుంటే ఆ తాజాదనమే వేరు. వంద మిల్లీలీటర్ల సోయా సాస్, అంతే కాబోసు రసం లేదా యుజు రసం (రెండూ జపాన్ నిమ్మజాతి కాయలు), రెండు చెంచాల మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు సారా) మరిగించి చల్లార్చింది, వేలెడు కోంబు ముక్క, గుప్పెడు కత్సుఓబుషి (ఎండబెట్టిన చేప తురుము). ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి వడకట్టండి. మిరిన్‌లో ఆల్కహాల్ ఉంటుంది. మీ ఇంట్లో పనికిరాదంటే అర చెంచా పంచదారతో సరిపెట్టండి. నిమ్మకాయతో చేస్తే మన నిమ్మ పులుపు పదునైనది కాబట్టి అరవై మిల్లీలీటర్లు చాలు.

కారం లేకుండా మామయ్యగారు ఎలా తింటారని మీకు బెంగ కదా. దానికి హకాతావాళ్లే జవాబు పెట్టారు. యుజు కోషో అని చిన్న సీసాలో పచ్చటి ముద్ద దొరుకుతుంది. కోషో అంటే జపాన్‌లో మిరియాలు, కానీ ఫుకుఓకా ఉన్న క్యూషూ దీవిలో పాతవాళ్లు మిరపకాయనే కోషో అంటారు. పచ్చిమిర్చి, యుజు తొక్క, ఉప్పు కలిపి నూరి ఊరబెట్టింది ఇది. మూత తీయగానే నిమ్మ ఊరగాయ, పచ్చిమిర్చి పచ్చడి రెండూ కలిసినట్టు వాసన వస్తుంది. బఠాణీ గింజంత పోంజులో కలుపుకుంటే చాలు. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు తిన్న జపాన్ వంటల్లో ఇంటికి పట్టుకెళతానని అడిగింది దీన్నే. ఇంకోటి మొమిజి ఒరోషి. ఎండుమిరపకాయ గింజలు దులిపి నానబెట్టండి. ముల్లంగి ముక్కకి చాప్‌స్టిక్‌తో చిల్లు పెట్టి ఆ మిరపకాయని లోపలికి దూర్చి, రెంటినీ కలిపి తురమండి. లేత ఎరుపు రంగులో తడితడిగా వస్తుంది. నీళ్లు కొంచెం పిండి పక్కన పెట్టండి.

కూరల్లో ఒక్క విషయమే పట్టించుకోండి. మీరు హకుసాయి (చైనీస్ క్యాబేజీ) వేశారు, టోక్యోలో నాబె అంటే అదే వేస్తారు. హకాతాలో మామూలు క్యాబేజీ వేస్తారు. హకుసాయిలో నీళ్లు ఎక్కువ, అంత కష్టపడి చిక్కబరచిన రసాన్ని మళ్లీ పల్చన చేస్తుంది. క్యాబేజీని అరచేతి వెడల్పు ముక్కలుగా కోయండి, నెగి (పొడవాటి జపాన్ ఉల్లికాడ) ఏటవాలుగా, షియితాకె, ఎనోకి పుట్టగొడుగులు, గట్టి తోఫు, ఆఖర్న వేయడానికి షుంగికు (తినే చామంతి) ఆకు. కేరట్, బంగాళాదుంప వద్దు.

మీట్‌బాల్స్‌ని త్సుకునె అంటారు. మూడు వందల గ్రాముల చికెన్ కైమాలో ముందు అర చెంచా ఉప్పు మాత్రమే వేసి, చేతికి అంటుకునేంత జిగురు వచ్చేదాకా పిసకండి. ఆ తర్వాతే సన్నగా తరిగిన నెగి, అల్లం రసం చెంచాడు, కతకురికో (బంగాళాదుంప పిండి) పెద్ద చెంచాడు కలపండి. ఉప్పుతో ముందు పిసకకపోతే రసంలో పడగానే విడిపోతాయి. అల్లం మీద ఉన్న మక్కువంతా ఇందులో తీర్చుకోవచ్చు.

ఇక కుండ. దొనాబె (జపాన్ మట్టి కుండ) కొనాలా అని అడిగారు. తప్పనిసరి కాదు, అడుగు మందంగా ఉన్న ఏ వెడల్పాటి గిన్నె అయినా పనిచేస్తుంది. మీ ఫ్లాట్‌లో ఐ.హెచ్. (ఇండక్షన్) పొయ్యి ఉందని రాశారు కాబట్టి మామూలు దొనాబె దాని మీద వేడెక్కదని గుర్తుంచుకోండి, బల్ల మీద పెట్టుకునే గ్యాస్ స్టవ్ కావాలి. కొంటే మాత్రం మియె ప్రాంతంలోని యొక్కైచిలో చేసే బాంకో మట్టివి మొదటిసారికి మంచివి. ఆ మట్టిలో పెటలైట్ అనే ఖనిజం కలుపుతారు, అందువల్ల వేడికి తొందరగా పగలవు. అదే ప్రాంతంలోని ఇగా కుండలు ఇంకా అందంగా, బరువుగా ఉంటాయి, ఎక్కువసేపు వేడి నిలుపుతాయి, ధరా ఎక్కువే. ఏది కొన్నా మొదటిసారి అందులో పల్చటి గంజి కాచి, అలాగే చల్లారనివ్వాలి. మన ఇళ్లలో కొత్త మట్టి చట్టికి చేసినట్టే. గంజి మట్టిలోని సన్నని రంధ్రాలని మూసేస్తుంది. ఆ తర్వాత ఒకటే నియమం: అడుగు బయటి వైపు తడిగా ఉండగా పొయ్యి మీద పెట్టకూడదు. రెండో ఏడు నేను తొందరలో కడిగి, తుడవకుండా మంట మీద పెట్టాను. టిక్ అని చిన్న శబ్దం వచ్చింది. రసం పోస్తే అడుగున వెంట్రుకంత గీత వెంబడి చెమట పట్టినట్టు చుక్కలు. నాకు ఏడుపొచ్చింది. మా ఇంటి ఓనరావిడ చూసి, పారేయొద్దని చెప్పి, మళ్లీ చిక్కగా గంజి కాయించింది. కారడం ఆగింది. ఆ గీత ఉన్న కుండలోనే ఇప్పటికీ వండుతున్నాను. గీత లోతుగా, పక్కలకి పాకి ఉంటే మాత్రం వాడొద్దు.

బల్ల మీద గ్యాస్ స్టవ్ విషయంలో జాగ్రత్త. గ్యాస్ డబ్బా ఉన్న వైపుకి కుండ అంచు వచ్చేంత పెద్ద గిన్నె పెట్టకండి, వేడికి డబ్బా పేలే ప్రమాదం ఉంది. రెండు స్టవ్‌లు పక్కపక్కన పెట్టడమూ అంతే. జనవరిలో చలి అని కిటికీలన్నీ బిగించేయకుండా ఒకటి వేలెడంత తెరిచి ఉంచండి.

తినే వరస ఇప్పుడు చెప్పాలి, మిజుతాకి అంటే నాకు ఇష్టం కలిగింది దీనివల్లే. మేం వచ్చిన మొదటి చలికాలం ఆ ఓనరావిడ మమ్మల్ని పిలిచింది. డెబ్బై దాటిన మనిషి, పుట్టి పెరిగింది హకాతాలోనే. కుండలో రసం, కోడి ముక్కలు తప్ప ఏమీ లేవు, కూరలన్నీ పళ్లెంలో పక్కన ఉన్నాయి. నేను సాయం చేద్దామని క్యాబేజీ అందుకోబోతే నా చేతి మీద మెల్లగా తట్టి "మదా, మదా" అంది, ఇంకా కాదు అని. టీ తాగే చిన్న కప్పులు తెచ్చి ఒక్కోదానిలో చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడ వేసి, పైన వేడి రసం పోసింది. అందరం రెండు చేతులతో కప్పు పట్టుకుని తాగాం. బయట వాన. ఎవరూ మాట్లాడలేదు. కోడి ఇంత రుచిగా ఉంటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు, చిన్నప్పటి నుంచి తింటూ కూడా.

అందుకని మీరు కూడా మొదట రసమే పోయండి, ఉప్పుతో. కప్పుకి ఎంత ఉప్పు వేయాలో ముందు మీరు ఒకటి కలిపి చూసుకోండి, తక్కువైతే రసం చప్పగా అనిపించి పెద్దవాళ్లు కప్పు కింద పెట్టేస్తారు. తర్వాత కోడి ముక్కలు పోంజులో. ఆ తర్వాత త్సుకునె, రెండు చెంచాలతో ఉండ చేసి మరిగే రసంలో వదలండి, పైకి తేలాక ఇంకో మూడు నిమిషాలు. ఒకటి విరిచి లోపల గులాబీ రంగు పోయిందో లేదో చూడండి. పచ్చి మాంసం ముట్టుకున్న చాప్‌స్టిక్స్‌ని తినడానికి వాడకూడదు, దానికి విడిగా ఒక జత ఉంచండి. క్యూషూలో కొన్నిచోట్ల కోడిని పచ్చిగా కూడా తింటారు, ఇంట్లో ఆ ప్రయోగం అస్సలు వద్దు. త్సుకునె అయ్యాకే క్యాబేజీ, పుట్టగొడుగులు, తోఫు. అందరి గిన్నెలూ సిద్ధంగా ఉన్నప్పుడు షుంగికు వేసి అర నిమిషంలో తీసేయండి, అంతకంటే ఉంచితే చేదెక్కుతుంది.

కుండ దగ్గర ఇలా ఎప్పుడు ఏది వేయాలో చెప్పే మనిషిని జపాన్‌లో నాబె బుగ్యో అంటారు. పూర్వం ఎడో కాలంలో బుగ్యో అంటే ఊరి మీద అధికారి. ఆ రాత్రి ఆ అధికారం మీదే. అందరూ తలో చెయ్యి వేస్తే వరస పోతుంది.

ఆఖరి భాగాన్ని షిమె అంటారు. మనవాళ్లకి అన్నం పడనిదే భోజనం అయినట్టు ఉండదు కాబట్టి జోసుయి (మిగిలిన రసంలో అన్నం ఉడికించే జావ లాంటిది) చేయండి. చల్లారిన అన్నం రెండు గిన్నెలు, జల్లెడలో వేసి నీళ్ల కింద కడిగేయండి, లేకపోతే జిగురుగా అవుతుంది. కుండలో మిగిలిన ఎముకలు, ఆకులు తీసేసి, రసం మరుగుతుండగా అన్నం వేసి, ఇప్పుడు మాత్రమే కుండలో ఉప్పు వేయండి. ఇక అది ఇగిరేది లేదు కదా. రెండు మూడు నిమిషాలు ఉడికాక గిలకొట్టిన రెండు గుడ్లు సన్నటి ధారగా చుట్టూ పోసి, మంట ఆపి, మూత పెట్టి ఒక నిమిషం ఆగండి. మూత తీశాక ఉల్లికాడ, నోరి (ఎండిన సముద్రపు నాచు రేకు) వేయండి. అత్తయ్యగారు గుడ్డు గట్టిగా ఉడకాలంటే ఇంకో నిమిషం మంట మీద ఉంచండి. పెద్దవాళ్లకి చాప్‌స్టిక్స్ ఇచ్చి ఇబ్బంది పెట్టకండి, లోతు గిన్నె, పెద్ద చెంచా ఇవ్వండి. మా అమ్మ అయితే జోసుయిలో మాగాయ ముక్క నంజుకుని తింది, బాగుందని నేనూ తిన్నాను.

ప్యాకెట్ సూప్‌తో చేయొచ్చా అని కూడా అడిగారు. అలసిపోయిన రోజున తప్పు కాదు. కానీ చికెన్ అని రాసి ఉన్న ప్యాకెట్లలో కూడా కొన్నింటిలో పంది మాంసం సారం కలుస్తుంది, వెనక వైపు చదివి కొనండి. వాటిలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి నేను చెప్పిన మొదటి కప్పు దానితో కుదరదు.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్లకోసం రెండు మాటలు. చికెన్ షాపులో తోలుతో కొట్టమని ముందే చెప్పండి, కాళ్లు, మెడలు, రెక్కలు విడిగా అడిగి తీసుకోండి. బ్రాయిలర్ లేత కోడి, దాని ఎముకల్లో సారం తక్కువ. రసానికి ముదురు నాటుకోడి గానీ లేయర్ కోడి గానీ వేసి, తినడానికి బ్రాయిలర్ తొడలు వాడితే బాగుంటుంది. యుజు లేకపోతే నిమ్మరసంలో కాస్త దబ్బకాయ రసం, దబ్బ తొక్క తురుము కలపండి, వాసన దగ్గరగా వస్తుంది. నూడుల్స్‌లో వేసే నల్లటి, చిక్కటి సోయా సాస్ పోంజుకి పనికిరాదు, జపాన్ రకం పల్చటిది వెతకండి. షుంగికు బదులు పాలకూర. క్యాబేజీ ఎలాగూ మన దగ్గర ఉన్నదే.

మీరు జనవరి దాకా ఆగకుండా ఈ శనివారం రసం ఒక్కటే కాచి చూడండి. ఒక గిన్నెలో కొంచెం తీసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున గిన్నె వంచితే రసం కదలకుండా జున్నులా నిలబడితే మీ వంట కుదిరినట్టే. జారితే, ఈసారి కాళ్లు ఇంకో నాలుగు ఎక్కువ వేసి, మంట కొంచెం పెంచండి. ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి, ఫొటో పెడితే రంగు చూసి చెబుతాను.